ఏడు సూత్రాలూ ఒక టిక్కూ

సాయంత్రం ఐదు లోపల ఆ టిక్కు దొరక్కపోతే కాంట్రాక్టు పోయినట్టే.

ఈ మాట మేనేజరు పొద్దున పదింటికి సంగీత హాలు మెట్ల మీదే చెప్పేశాడు. లోపలికి రమ్మని కూడా అనలేదు.

"నాలుగేళ్ళుగా మీకే ఇస్తున్నాను, కాదనను. కానీ మాస్టారు రేపు పొద్దున్నే వెళ్ళిపోతారు. ఇవాళ రికార్డింగు కాకపోతే ఇక కానట్టే. రేపు ఆ పెద్ద కంపెనీ వాళ్ళని రమ్మన్నాను. వాళ్ళ దగ్గర మిషన్లున్నాయట."

"మా దగ్గర చెవులున్నాయండీ," అంది ఆవిడ.

"మూడు రోజుల్నుంచీ ఉన్నాయి కదండీ."

ఆవిడని అందరూ చెవులమ్మ అంటారు. ఆవిడ కంపెనీ చేసే పని ఒక్కటే, చప్పుళ్ళు పట్టుకోవడం. హోటల్లో తలుపు కిర్రుమన్నా, ఆస్పత్రి గోడలో ఎక్కడో గుయ్యిమన్నా కబురు ఆవిడకే వస్తుంది. ఊళ్ళో కిర్రు కంపెనీ అంటే చాలు, ఆటోవాడు తిన్నగా షెడ్డు ముందు దింపుతాడు. పనివాళ్ళు ఆరుగురు. ఏడాదిలో సగం పని ఈ ఒక్క హాలుదే. ఇది పోతే ఆరుగురిలో ఇద్దర్ని ఇంటికి పంపాలి. ఆ ఇద్దరెవరో నిన్న మధ్యాహ్నమంతా ఆలోచించి, తేల్చుకోలేక, అన్నం సగంలోనే వదిలేసి లేచింది.

ఆవిడ పక్కనే నిచ్చెన మోస్తూ నిలబడినవాడు మరిది. కంపెనీలో సగం వాటా అతనిది. చెవులు ఆవిడవి, మాటలు అతనివి. ఆవిడ భర్త బస్సు నడుపుతాడు. ఆ మోతలో పడి ఆయనకి ఇంట్లో కుక్కర్ కూత కూడా వినపడదు కాబట్టి ఈ వ్యాపారంలో వేలు పెట్టడు.

"వదినా, కంగారుపడకు," అన్నాడు మరిది లోపలికి నడుస్తూ. "మాస్టారి రెండో సూత్రం ఏంటి? ఒత్తిడిలోనే..."

"ఆ పుస్తకం జేబులోంచి తీశావంటే నిచ్చెన నీ మీదే వేస్తాను."

శుక్రవారం నాడు వ్యాపారుల సంఘంలో మరిది ప్రసంగం ఉంది. విషయం: 'మాస్టారి జీవితం నుంచి వ్యాపారులు నేర్చుకోవలసిన ఏడు సూత్రాలు.' యాభై ఏళ్ళుగా వయొలిన్ వాయిస్తూ, ఏ దేశంలో కాలుపెట్టినా హాలు నింపే మనిషి నాలుగు రోజులు కళ్ళెదుట ఉంటాడని తెలియగానే మరిదికి పుట్టిన ఆలోచన అది. మాస్టారు ఇచ్చిన ఇంటర్వ్యూలన్నీ చదివి ఆరు సూత్రాలు రాశాడు. ఏడోది ఇంకా దొరకలేదు. చెవులమ్మకి టిక్కు దొరకలేదు. ఇద్దరూ సమానంగా చిక్కిపోయారు.

టిక్కు సంగతి ఇది. మాస్టారు తన పదకొండుమంది వాద్యగాళ్ళతో నలభై నిమిషాల రచన ఒకటి రికార్డు చేస్తున్నారు. మధ్యలో ఒక చోట అందరూ ఆగిపోతారు. ఆయన ఒక్కరే, ఒకే స్వరం, పదహారు సెకన్లు పట్టుకుంటారు. ఆ స్వరం సన్నబడి ఆగే క్షణంలో టిక్. పింగాణీ కప్పు సాసరు అంచుకి తగిలినట్టు. ఒక్కసారే.

చెవులమ్మకి ఇంతకంటే మొండి శత్రువు లేదు. గుయ్యిమనేది ఆగదు కాబట్టి దాని వెంట వెళ్ళొచ్చు. కిర్రుమనేదాన్ని తొక్కి చూడొచ్చు. టిక్కు ఒకసారి పలికి నోరు మూసుకుంటుంది.

కంపెనీలో పని మొదలుపెట్టే పద్ధతి ఒకటుంది. ముందు మనుషుల్ని బయటికి పంపాలి. హాలు ఖాళీ అయ్యాక ఒక్కొక్క వస్తువునీ కదిపి, తట్టి, ఊపి వినాలి. మూడు రోజులూ అదే చేశారు. దీపాల బిగింపులు మార్చారు. స్టేజి చెక్కల మేకులు మార్చారు. మొదటి ఆరు వరసల కుర్చీ స్ప్రింగులకి నూనె పెట్టారు. పింగాణీలా ఉందని ఆవిడ అన్న పాపానికి మేనేజరు క్యాంటీన్ కప్పులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. వాద్యగాళ్ళు కాగితం కప్పుల్లో టీ తాగుతూ ఆవిణ్ణి కొరకొరా చూస్తున్నారు. ప్రతి సాయంత్రం హాలు సూది పడితే వినపడేంత నిశ్శబ్దంగా తయారయ్యేది. ప్రతి పొద్దునా మాస్టారు ఆ స్వరం పట్టుకునేవారు. టిక్.

ఇవాళ కూడా ఆవిడ అలవాటు ప్రకారం స్టేజి దగ్గరికి వెళ్ళి, "ఒక గంట అందరూ బయటికి వెళ్తే..." అంది.

"వెళ్ళను," అన్నారు మాస్టారు.

పొట్టి మనిషి. డెబ్బై దాటాయి. చేతులు మడిచిన తెల్ల చొక్కా, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. మాటలో కోపం లేదు, ఊరికే చెప్పారు.

"మూడు రోజులు నన్ను కారిడార్లో కూర్చోబెట్టారు. ఇవాళ సాధన ఆపను. మీ పని మీరు చేసుకోండమ్మా, మా పని మేం చేసుకుంటాం. అది ఎడమ పక్క నుంచే వస్తోంది, మళ్ళీ చెప్తున్నా. ఎడమ పక్క, పైనుంచి."

మరిది పుస్తకం తీసి ఒక గీత గీశాడు.

"ఏం కొట్టేశావు?"

"మొదటి సూత్రం. 'మాస్టారు ఎవరికీ కాదని చెప్పరు.'"

ఆ తర్వాతి పది నిమిషాల్లో మాస్టారు ఫొటోగ్రాఫర్‌కి కాదన్నారు, టీవీవాళ్ళకి కాదన్నారు, మధ్యాహ్నం భోజనానికి పెద్దమనుషులెవరో వస్తారన్న మేనేజరుకి కూడా కాదన్నారు. మరిది ఆ గీత మీదే ఇంకో గీత గీశాడు.

చేసేదేమీ లేక చెవులమ్మ ఎడమ దీపాల కింద నిచ్చెన వేసి, దాని మీదే కూర్చుని చూడసాగింది. మనుషులున్న హాల్లో పనిచేయడం ఆవిడకి కొత్త. చేతులు కట్టేసినట్టుంది.

మాస్టారు నలభై నిమిషాల రచన వాయించలేదు. నాలుగు వరసలు తీసుకున్నారు. నడక నేర్చుకునే పిల్లవాడంత నెమ్మదిగా వాయించారు. మళ్ళీ. మళ్ళీ. పన్నెండోసారి ఆపి, వెనక వరసలో అందరికంటే చిన్నదైన అమ్మాయి వైపు చూశారు. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"నీది కాదమ్మా. తప్పు నాది. నేను తొందరపడి నిన్ను లాక్కెళ్తున్నా. ఇంకోసారి అలా చేస్తే నీ విల్లుతో నన్నే పొడువు."

మరిది ఇంకో గీత గీశాడు. 'పొరపాటు బయటపడనివ్వరు' పోయింది. టీ విరామంలో ధైర్యం చేసి మాస్టారి దగ్గరికే వెళ్ళాడు.

"మీరు రోజుకి పన్నెండు గంటలు సాధన చేస్తారటండీ."

"ఎవరు చెప్పారు? చేతులు పడిపోవూ. మూడు గంటలు. మిగతా టైమంతా ఎక్కడ పాడైందో ఆలోచించుకోవడమే." మరిది పుస్తకంలో పన్నెండు గంటల సూత్రం మీద కూడా గీత పడింది. మాస్టారు కాగితం కప్పుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "మా ఇంట్లో అయితే ఈ టీ నేను తాగను."

అప్పుడు ఆయన చేసిన పని చూసి చెవులమ్మ నిచ్చెన దిగింది. స్టేజి అంచుకొచ్చి, మూడో వరసలో ఒంటరిగా కూర్చున్న ముసలావిణ్ణి అడిగారు.

"అక్కా, ఎక్కడ నిద్రొచ్చింది?"

ఆవిడ మాస్టారి కంటే పదేళ్ళు పెద్దది. ఒళ్ళో చేతిసంచి, చెవిలో మిషను. "ఆ రెండోసారి గిరగిరా తిప్పుతావు చూడు, అక్కడ. కన్ను మూతపడింది."

మాస్టారు తల ఊపి, వెనక్కి తిరిగి, "గిరగిరా సగానికి కోసేద్దాం," అన్నారు వాద్యగాళ్ళతో. పదకొండుమందీ పెన్సిళ్ళు తీశారు.

"ఆవిడకి సంగీతం వచ్చా?" చెవులమ్మ రికార్డింగ్ ఇంజనీరుని అడిగింది.

"ఒక్క ముక్క రాదు. యాభై ఏళ్ళుగా ఆ ఒక్క ప్రశ్నే అడుగుతారు. బాగుందా అని మాత్రం అడగరు. బాగుందా అంటే ఎవరైనా బాగుందనే అంటారట."

మరిది నాలుగో సూత్రం కూడా కొట్టేశాడు. తన పనిలో ఎవర్నీ జోక్యం చేసుకోనివ్వరు అన్నది. "వదినా, ఈయన ఇంటర్వ్యూల్లో అన్నీ అబద్ధాలే చెప్పాడు," అన్నాడు దిగులుగా.

"అడిగినవాళ్ళు సరిగ్గా అడిగుండరు."

ఆ మాట అన్నాక తనే ఆగిపోయింది. మూడు రోజులుగా తను ఏమడుగుతోంది? ఏ దీపం, ఏ మేకు, ఏ కుర్చీ. మనుషుల్ని బయటికి పంపి వస్తువుల్ని అడుగుతోంది. హాలు ఖాళీ అయినప్పుడు టిక్కు లేదు. మనుషులు వస్తే ఉంది. అంటే మూడు రోజులూ అది మనుషులతోపాటు కారిడార్లోకి వెళ్ళి, కాగితం కప్పులో టీ తాగి, మళ్ళీ లోపలికి వచ్చింది.

ఒంటి గంటన్నర. ఇంకా మూడున్నర గంటల టైముంది.

ఆవిడ మాస్టారి దగ్గరికి వెళ్ళి ఒక్క అవకాశం అడిగింది. ఆ పదహారు సెకన్లూ మిగతా పదకొండుమందికి పని లేదు. కళ్ళు మూసుకుని, టిక్కు వినపడగానే అది వచ్చిన వైపు వేలు చూపించాలి. పక్కవాళ్ళని చూడకూడదు.

"నేను?" అన్నారు మాస్టారు.

"మీ చేతులు ఖాళీ ఉండవు కదండీ. మీరు వాయించండి."

ఆయన గడ్డం కింద వయొలిన్ బిగించారు. కళ్ళు మూసుకున్నారు. విల్లు కదిలింది. ఆ స్వరం హాలు పైకప్పు దాకా నిటారుగా లేచి నిలబడింది. పది సెకన్లు. పదమూడు. సన్నబడింది. పదహారు.

టిక్.

పదకొండు వేళ్ళు లేచాయి.

పదకొండూ మాస్టారి వైపే.

ముందుగా కళ్ళు తెరిచింది వెనక వరస అమ్మాయి. తన వేలు ఎవరి మీదకి గురిపెట్టి ఉందో చూసుకుని, నిప్పు తగిలినట్టు ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత ఒక్కొక్కరే. మాస్టారు కళ్ళు తెరిచేసరికి పదకొండుమందీ బుద్ధిగా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నారు.

"ఏమైంది? ఎడమేనా?"

"ఇంకొక్క పరీక్ష చేసి చెప్తానండీ," అంది చెవులమ్మ.

పక్కన నిలబడ్డ మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

రెండో పరీక్ష చిన్నది. మాస్టారి వయొలిన్‌ని వాద్యగాళ్ళలో ముందు వరసలో ఉన్నతను తీసుకుని అదే స్వరం వాయించాడు. టిక్కు లేదు. మళ్ళీ మాస్టారి చేతికి ఇప్పించి, ఈసారి ఆవిడ వినడం మానేసి చూసింది. స్వరం సాగినంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టారు. దవడ బిగించారు. చివర్లో ఊపిరి వదిలారు. దవడ వదులైంది. టిక్. చెక్క కాదు, ఇనుము కాదు. పింగాణీ అనుకున్నది తన చెవి తప్పు కూడా కాదు.

మేనేజరు ఆవిణ్ణి తెర వెనక్కి లాక్కెళ్ళాడు. మరిది వెంటే పరిగెత్తాడు.

"ఏంటది?"

"కట్టుడు పళ్ళు."

మేనేజరు గోడకి ఆనుకున్నాడు. "ఆయనకి చెప్పొద్దు."

"మరి?"

"ఎడమ దీపం మార్చేశాం అని చెప్పండి. ఎడమే అని ఆయనే అంటున్నారు కదా, సంతోషిస్తారు. ఇంజనీరు తర్వాత కంప్యూటర్లో తుడిచేస్తాడు. ఇదిగో, కాంట్రాక్టు కాగితం నా జేబులోనే ఉంది. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. పెద్ద కంపెనీని రేపు రావద్దంటాను."

"తుడిస్తే స్వరం చివర కూడా పోతుందని ఇంజనీరు నిన్ననే అన్నాడు."

"కొంచెమే కదండీ."

మేనేజరు వెళ్ళాక మరిది గొంతు తగ్గించాడు. "వదినా, ఆయన మాట వినేద్దాం. పెద్దాయనకి పళ్ళ మాట ఎత్తితే మన పళ్ళు రాలతాయి. అరవై దేశాలు తిరిగిన మనిషి. పదకొండుమంది చేతులు దించేసుకున్నారు చూశావా? ఆయనతో రోజూ ఉండేవాళ్ళకే ధైర్యం లేదు."

చెవులమ్మ తెర సందులోంచి స్టేజి వైపు చూసింది. మాస్టారు ఎడమ దీపం వైపు తలెత్తి, చెవి అటు పెట్టి వింటున్నారు. డెబ్బై దాటిన మనిషి, మూడు రోజులుగా ఏ పాపమూ ఎరగని దీపాన్ని అనుమానిస్తున్నాడు. దీపం అని చెప్తే ఆ అనుమానం తీరుతుంది. సంతకం అయిపోతుంది. ఆరుగురూ షెడ్డులోనే ఉంటారు. ఇంటికెళ్ళి రికార్డు విన్నప్పుడు, ఆ స్వరం చివర ఎవరో గోకేసిన చోట, ఆయన మళ్ళీ వింటారు. ఆయన వినకుండా ఉండరు.

"పన్నెండోసారి ఆపి ఏమన్నారాయన?" అంది.

"తప్పు నాది అన్నారు."

"అది చిన్నపిల్ల ముందు అనగలిగినాయన మన ముందు అనలేరా?"

"అది వయొలిన్ తప్పు వదినా. ఇది పళ్ళు."

"మనకి రెండూ చప్పుళ్ళే, మరిదిగారూ. పద."

"నేనెందుకు?"

"సగం వాటా నీదేగా. తిట్లలో కూడా."

మాస్టారిని పక్కగదిలోకి రమ్మని అడిగింది. ఆయన వెనకే చేతిసంచి పట్టుకుని అక్కగారు కూడా వచ్చేసింది. వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. అద్దం ముందు రెండు కుర్చీలు. మరిది తలుపుకి దగ్గరగా నిలబడ్డాడు.

చెవులమ్మ ఏ హోటల్ యజమానికైనా చెప్పినట్టే చెప్పింది. గొంతు మార్చలేదు.

"టిక్కు దొరికిందండి. దీపం కాదు, నేల కాదు, వయొలిన్ కాదు. ఆ పొడుగు స్వరం అయ్యాక మీ దవడ వదులవుతుంది. అప్పుడు వదులుగా ఉన్న పై కట్టుడు పళ్ళు జారి కింది పళ్ళకి తగులుతున్నాయి. వయొలిన్ మీ గడ్డానికి ఎడమ పక్కన ఆనుకుని ఉంటుంది కాబట్టి మీకు ఎడమ నుంచి వినిపిస్తోంది. మూడు రోజులు మీ అందర్నీ బయటికి పంపడం మా పొరపాటు. దానివల్లే ఆలస్యమైంది."

గదిలో గోడ గడియారం ముల్లు టకటకమంటోంది. అది కూడా సరిచేయాల్సిందే అని ఆవిడకి అనిపించింది.

మాస్టారు అద్దంలో చూసుకున్నారు. నోరు మూశారు. మెల్లగా తెరిచారు.

టిక్.

"ఓరి," అన్నారు. కాసేపటికి అక్క వైపు తిరిగారు. "అక్కా, నీకు తెలుసా?"

"టిక్కు నాకెక్కడ వినపడుతుంది? ఈ మిషను నీ వయొలిన్ కూడా సగమే వినిపిస్తుంది. కానీ దవడ ఆడటం చూస్తూనే ఉన్నా. ఆ పళ్ళు నీకు పెద్దవైనాయి. కొత్తగా కట్టించుకున్న రోజే అనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు నిద్ర గురించి అడిగావు. పళ్ళ గురించి అడిగావా?"

మాస్టారి భుజాలు కదలడం మొదలైంది. మరిది తలుపు గొళ్ళెం పట్టుకున్నాడు. కానీ ఆయన నవ్వుతున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వారు. నవ్వినప్పుడల్లా టిక్కు, టిక్కు అంది.

"యాభై ఏళ్ళు ఒకే ప్రశ్న అడిగానమ్మా," అన్నారు చెవులమ్మతో. "ప్రశ్న ముసలిదైపోయింది. నాతోపాటే." తర్వాత గొంతు మారింది. "బయట వాళ్ళకి తెలుసా?"

అబద్ధం ఆడే చోటు ఇదొక్కటే అనిపించింది ఆవిడకి. ఆడలేదు. "పదకొండుమందీ వేలు మీ వైపే చూపించారండీ. మీరు కళ్ళు తెరిచేలోపు దించేసుకున్నారు."

"దించేసుకున్నారా." నవ్వు పోయింది. వేళ్ళతో కుర్చీ చేతిని కాసేపు తడిమారు. "అది నా తప్పే. వేలు దించుకునేలా ఎప్పుడో ఏదో చేసుంటాను." లేచారు. "గ్లాసుతో నీళ్ళు తెప్పించండి. గాజు గ్లాసు. కాగితానిది తెచ్చారంటే వాయించను."

మూడింటికి మాస్టారు బోసినోటితో స్టేజి ఎక్కారు. బుగ్గలు లోపలికి పోయి వేరే మనిషిలా ఉన్నారు. వాద్యగాళ్ళ ముందు నిలబడి, "హరే, అందరూ హిద్ధమా?" అన్నారు. పదకొండుమందీ పెదాలు కొరుక్కున్నారు.

"రెండు నిమిషాలు నవ్వుకోండి. తర్వాత నవ్వితే ఊరుకోను."

ముందు వెనక వరస అమ్మాయి నవ్వింది. ఆ పిల్ల నవ్వు చూసి అందరూ. రెండు నిమిషాలు కాదు, నాలుగు పట్టింది. వేళ్ళ గురించి మాస్టారు ఒక్క మాటే అన్నారు, ఈసారి దించొద్దని. రికార్డింగు ఎర్ర దీపం వెలిగింది.

పదహారు సెకన్ల చోటు వచ్చినప్పుడు చెవులమ్మ నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుని ఉంది. స్వరం లేచింది. నిలబడింది. సన్నబడింది. ఎక్కడ ఆగిందో ఆవిడకి కూడా తెలియలేదు. ఆగిపోయిందని తెలిశాక కూడా కొంతసేపు ఉన్నట్టే ఉంది. ఇంజనీరు గాజు గదిలోంచి బొటనవేలు పైకెత్తాడు.

నాలుగుంబావుకి మేనేజరు మెట్ల మీద కనిపించాడు. జేబులోంచి కాగితం తీశాడు. దాన్ని ఎలా ఇవ్వాలో తెలియక ఒకసారి మడిచి, ఒకసారి విప్పాడు.

"నేను దీపం అన్న సంగతి మాస్టారికి..."

"ఏ దీపమండీ?" అంది చెవులమ్మ.

ఆయన ఊపిరి వదిలి, గోడకి ఆనించి సంతకం పెట్టాడు. "పెద్ద కంపెనీకి ఫోన్ చేసేశాను. వాళ్ళయితే మొత్తం నేల పీకేసేవాళ్ళట. క్యాంటీన్ వాళ్ళు కప్పుల తాళం అడుగుతున్నారు, ఇచ్చెయ్యనా?"

"ఇచ్చెయ్యండి. ముందు అది చెయ్యండి."

కాగితం కింద ఆవిడ ఒక వాక్యం చేత్తో రాసి తిరిగి ఇచ్చింది. ఇకమీదట తనిఖీ హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నిండుగా ఉన్నప్పుడు ఒకసారి. మేనేజరు అభ్యంతరం చెప్పలేదు.

బండిలో నిచ్చెన కట్టేశాక మరిది పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆరు సూత్రాల్లో నాలుగు కొట్టేసి ఉన్నాయి. మిగిలిన రెండింటినీ అనుమానంగా చూస్తున్నాడు.

"శుక్రవారం ఏం చెప్తావు?" అంది ఆవిడ.

"జరిగింది చెప్తా. పళ్ళ సంగతి తప్ప."

"పళ్ళ సంగతి లేకపోతే అందులో ఏముంది?"

"మాస్టారిని అడిగా వదినా. చెప్పుకోమన్నారు. కానీ వాళ్ళాయనలాంటివాళ్ళెవరైనా వింటే నొచ్చుకుంటారని అక్కగారు వద్దంది. ఆయనవీ కట్టుడు పళ్ళేనట." పెన్సిల్ నోట్లో పెట్టుకున్నాడు. "బండి సీటు కిర్రుమంటోంది, విన్నావా?"

"ఏడాది నుంచి వింటున్నా. అది సీటు కాదు, నీ బెల్టు."

అంతలో ఆవిడ ఫోన్ మోగింది. లైబ్రరీ నుంచి. చదువుకునే గదిలో ఏదో గీరుతున్నట్టు చప్పుడు, రెండు వారాలుగా. సెలవు రోజున వస్తే పని సులువు, లోపల ఎవరూ ఉండరు అంది లైబ్రరీ ఆవిడ.

"వద్దండీ. జనం ఉన్నప్పుడే వస్తాం."



"లైబ్రరీకి జనం వస్తారని ఎవరు చెప్పారండీ మీకు?"

చెవులమ్మ నవ్వాపుకుంది. "ఎవరో ఒకరు వస్తారు కదండీ."

"ఒకాయన వస్తాడు. రోజూ పదింటికి. పేపరు చదువుకుని వెళ్తాడు."

"అయితే రేపు పదింటికి వస్తాం," అంది ఆవిడ. "ఆయన్ని కూర్చోనివ్వండి."